మూడేళ్ల డిగ్రీనా, మధ్యలో ఏడాది ఉద్యోగంతో నాలుగేళ్లదా?

ఇంగ్లండ్‌లో 1992లో పాలిటెక్నిక్‌ల నుంచి యూనివర్సిటీలైన చోట్ల చాలా కోర్సులకు ఈ రెండు దారులూ ఉంటాయి. రెండోది శాండ్‌విచ్ డిగ్రీ: రెండేళ్లు చదువు, మూడో ఏడాది కంపెనీలో పని, ఆపైన ఫైనల్ ఇయర్.

ఖర్చు: 2025-26లో స్థానిక విద్యార్థులకు మామూలు ఏడాది ఫీజు గరిష్ఠంగా 9,535 పౌండ్లు. పనిచేసే ఏడాదికి 1,905 పౌండ్లే, పైగా చాలాచోట్ల జీతం కూడా వస్తుంది. మన దగ్గర్నుంచి వెళ్లే పిల్లలకు ఈ పరిమితి వర్తించదు. అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం వీసాతో కట్టే హెల్త్ సర్‌చార్జి, ఏడాదికి 776 పౌండ్లు, ఇంకో ఏడాదికి కూడా కట్టాలి. ఇది ముందే లెక్కేసుకోండి.

శ్రమ: మూడేళ్లదాంట్లో చదువే పని. శాండ్‌విచ్‌లో రెండో ఏడాది పరీక్షల టెన్షన్‌తోపాటు అప్లికేషన్లు, ఇంటర్వ్యూలు. యూనివర్సిటీ సాయం చేస్తుంది కానీ కంపెనీలో చోటు సాధారణంగా మనమే వెతుక్కోవాలి.

రిస్క్: చోటు దొరక్కపోతే మామూలుగా మూడేళ్ల కోర్సుకే మారాల్సి వస్తుంది.

కంప్యూటింగ్, ఇంజినీరింగ్, బిజినెస్ వాళ్లకు నేనైతే శాండ్‌విచ్‌నే గట్టిగా చెబుతాను. చదువు పూర్తయ్యేసరికి చేతిలో ఏడాది అనుభవం ఉంటుంది. వెంటనే మాస్టర్స్ చేయాలనుకునేవాళ్లకు, అప్పు చేసి వెళ్లేవాళ్లకు మూడేళ్లదే మేలు.