మూత వేసిన మీటర్లతో ఎగరడం: పార్షియల్ ప్యానెల్ సాధనకు వాడే మూడు వస్తువులపై సమీక్ష

ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనిపించకపోయినా మీటర్లు చూసుకుంటూ ఎగరడానికి కావలసిన అర్హత) కోసం శిక్షణ పొందేవారి ఫ్లైట్ బ్యాగులో ఉండే వస్తువులన్నిటిలోకీ అతి చవకైనవి మీటర్ల మీద అంటించే మూతలు. చాలామంది అతి తక్కువ శ్రద్ధతో వాడేవి కూడా అవే. డాలస్ పరిసరాల్లో గుండ్రటి మీటర్లున్న పాత సెస్నా 172 అనే చిన్న విమానంలో నేను సాధన చేసేటప్పుడూ, ఇక్కడే శిక్షణ తీసుకుంటున్న మన తెలుగు మిత్రుల పక్కన సేఫ్టీ పైలట్‌గా, అంటే వారి బదులు బయటికి చూస్తూ ఉండే పైలట్‌గా, కూర్చున్నప్పుడూ వాడిన మూడింటి గురించి ఇక్కడ రాస్తున్నాను: మీటర్ల మూతలు, బయటి దృశ్యాన్ని కప్పే ఫాగుల్స్ కళ్ళద్దాలు, ఇంట్లో కంప్యూటర్ మీద నడిచే ఎక్స్-ప్లేన్ సిమ్యులేటర్. నా అభిప్రాయం ముందే చెబుతాను. మీటరు లేకుండా ఎగరడాన్ని మూతలు చాలా బాగా నేర్పుతాయి గానీ, మీటరు అబద్ధం చెబుతోందని పసిగట్టడాన్ని అవి అసలు నేర్పలేవు. ఆ రెండో విద్య కోసం సిమ్యులేటర్ కొనక తప్పదు.

కొత్తగా ఈ దారిలోకి వస్తున్నవారి కోసం కొంత వివరం అవసరం. పాత సెస్నా 172 ప్యానెల్‌లో ఆరు ప్రధానమైన మీటర్లు ఉంటాయి. వాటిలో విమానం వాలును చూపే ఆటిట్యూడ్ ఇండికేటర్, దిశను చూపే హెడింగ్ ఇండికేటర్ రెండూ ఇంజిన్ తిప్పే వాక్యూమ్ పంపు పీల్చే గాలితో తిరిగే గైరోల (వేగంగా తిరిగే చక్రాల) మీద ఆధారపడతాయి. మలుపును చూపే టర్న్ కోఆర్డినేటర్ మాత్రం సాధారణంగా విద్యుత్తుతో నడుస్తుంది. వేగాన్ని చూపే ఎయిర్‌స్పీడ్ ఇండికేటర్, ఎత్తును చూపే ఆల్టిమీటర్, ఎక్కే దిగే వేగాన్ని చూపే వెర్టికల్ స్పీడ్ ఇండికేటర్ పిటో ట్యూబు (ఎదురుగాలిని పట్టే గొట్టం), స్టాటిక్ పోర్టుల (చుట్టూ ఉన్న గాలి పీడనాన్ని అందించే రంధ్రాల) ద్వారా అందే గాలి పీడనంతో పనిచేస్తాయి. ఒక్క పంపు ఆగిపోయినా మొత్తం ప్యానెల్ ఒకేసారి గుడ్డిదైపోకుండా ఉండాలన్నదే ఈ విభజన ఉద్దేశం. మిగిలిన నాలుగు మీటర్లతోనూ, ముందరి అద్దం పైన వేలాడే మాగ్నెటిక్ కంపాస్‌తోనూ మబ్బుల్లోనుంచి విమానాన్ని సురక్షితంగా దింపగలగడమే పార్షియల్ ప్యానెల్ సాధన. అమెరికాలో ఇది పరీక్షలో తప్పనిసరి అంశం: ప్రధాన మీటర్లు పోయిన స్థితిలో ఒక నాన్‌ప్రెసిషన్ అప్రోచ్ (దిగే కోణాన్ని చూపే సంకేతం లేకుండా రన్‌వే వైపు దిగడం) చేసి చూపించాలి, వేగాన్ని పది నాట్ల తేడాలో నిలపాలి, నిర్ణీతమైన కనిష్ఠ ఎత్తు కంటే ఒక్క అడుగు కూడా కిందికి దిగకూడదు.

ఇక మూతల సంగతి. ప్రామాణికమైన మీటరు వ్యాసం 3⅛ అంగుళాలు ఉంటుంది కాబట్టి, పైలట్ షాపుల్లో దొరికే గుండ్రటి మూతలు దాదాపు అన్ని పాత విమానాలకూ సరిపోతాయి. వీటిలో రెండు రకాలు వాడాను. మొదటిది మధ్యలో సక్షన్ కప్పు ఉన్న గట్టి రబ్బరు మూత. దీన్ని అద్దం మీద నొక్కగానే అతుక్కుంటుంది, బోధకుడు ఒక్క చేత్తో పెట్టగలడు, తీయగలడు, మీటరు ముఖం పూర్తిగా కనుమరుగవుతుంది. అయితే టెక్సస్ వేసవిలో ఎండలో నిలబెట్టిన విమానం లోపలి వేడికి ఈ కప్పు పట్టు సడలిపోతుంది. గాలి కుదుపులకు మూత ఊడి, ఒళ్ళో పడితే పరవాలేదు గానీ, దొర్లుకుంటూ కాళ్ళతో నొక్కే రడ్డర్ పెడల్స్ దగ్గరికి చేరితే అది నిజమైన ప్రమాదం. ఇలా ఊడిపడే వస్తువును అప్రోచ్ మధ్యలో పెడల్స్ కింద వెతకడం కంటే సాధన ఆపేసి వెనక్కి తిరగడమే మంచిది. రెండోది జిగురు లేకుండా అద్దానికి అతుక్కునే పల్చటి వినైల్ బిళ్ళ. ఇది చూడటానికి అంత గొప్పగా ఉండదు, దుమ్ము పట్టిన అద్దం మీద నిలవదు, కానీ తడిగుడ్డతో మీటరు అద్దాన్ని ఒకసారి తుడిచి అంటిస్తే ఎంత కుదుపులోనైనా కదలదు, ఊడినా దొర్లదు. నా ఓటు వినైల్ బిళ్ళకే. రెండు రకాల ధరా ఒక గంట విమానం అద్దెతో పోలిస్తే లెక్కలోకి రానంత తక్కువ.

మూత పడిన తరువాత జరిగే పని ఎంతో విలువైనది. ఆటిట్యూడ్ ఇండికేటర్ కనిపిస్తున్నంతసేపూ ముక్కు ఎటు ఉందో, రెక్క ఎంత వాలిందో ఒకే చూపులో తెలుస్తుంది. అది మూసుకుపోగానే అదే సమాచారాన్ని నాలుగు చోట్ల నుంచి పోగుచేసుకోవాలి. రెక్కలు సమంగా ఉన్నాయో లేదో టర్న్ కోఆర్డినేటర్ చెబుతుంది, కానీ అది చూపించేది వాలు కోణాన్ని కాదు, తిరిగే వేగాన్ని. పైగా దానిలోని గైరో ఏటవాలుగా అమర్చి ఉంటుంది కాబట్టి విమానం వాలడం మొదలుపెట్టిన క్షణంలో అసలు మలుపు కంటే ముందే దాని ముఖం మీది చిన్న విమానం బొమ్మ రెక్క కదులుతుంది. ముక్కు పైకెత్తామో దించామో తెలుసుకోవడానికి వేగాన్నీ ఎత్తునూ కలిపి చదవాలి. వెర్టికల్ స్పీడ్ ఇండికేటర్ కుదురుకోవడానికి ఆరు నుంచి తొమ్మిది సెకన్లు ఆలస్యం చేస్తుంది. దాన్ని వెంటాడుతూ పోయినవారు పైకీ కిందికీ ఊగుతూనే ఉంటారు. అందుకే మూతల సాధన మొదలుపెట్టకముందే, ఏ ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర మీ విమానం ఏ వేగంతో సమంగా ఎగురుతుందో, నిమిషానికి 500 అడుగుల చొప్పున దిగాలంటే ఎంత తగ్గించాలో స్పష్టంగా రాసి పెట్టుకోవాలి. శక్తిని అక్కడ నిలిపి, ట్రిమ్ (చేతి బలం లేకుండా ముక్కును నిలిపే సర్దుబాటు) సరిచేసి, చేతిని వదులుగా ఉంచితే విమానం దాదాపు తనంతట తానే నిలబడుతుంది. చేయి బిగించిన కొద్దీ మీటర్లన్నీ అల్లాడతాయి.

దిశ విషయంలో శ్రమ ఇంకా ఎక్కువ. హెడింగ్ ఇండికేటర్ మీద కూడా మూత వేస్తే మిగిలేది మాగ్నెటిక్ కంపాస్ ఒక్కటే, అదేమో మలుపులో నిజం చెప్పదు. ఉత్తరార్ధగోళంలో ఉత్తరం వైపుకి తిరుగుతున్నప్పుడు అది వెనకబడుతుంది, దక్షిణం వైపుకి తిరుగుతున్నప్పుడు ముందుకు పోతుంది. ఎంత తేడా అంటే సుమారుగా ఆ చోటి అక్షాంశమంత. డాలస్‌లో అది దాదాపు 33 డిగ్రీలు, హైదరాబాదు మీద అయితే 17 డిగ్రీల దరిదాపు. బేగంపేటలో శిక్షణ మొదలుపెట్టి ఇక్కడికి వచ్చినవారికి ఈ తేడా మొదటి కంపాస్ మలుపులోనే తెలిసివస్తుంది. నాకు మాత్రం కంపాస్ లెక్కల కంటే గడియారం మీద నమ్మకం ఎక్కువ. స్టాండర్డ్ రేట్ మలుపు అంటే సెకనుకు మూడు డిగ్రీలు. 90 డిగ్రీలు తిరగాలంటే 30 సెకన్లు, 30 డిగ్రీలకు పది సెకన్లు. టర్న్ కోఆర్డినేటర్ బొమ్మ రెక్కను గుర్తు మీద నిలిపి, స్టాప్‌వాచ్ నొక్కి, సమయం కాగానే రెక్కలు సమం చేసి, కంపాస్ నిలకడగా ఆగేదాకా ఓపిక పట్టి, మిగిలిన కొద్దిపాటి తేడాను మళ్ళీ గడియారంతోనే సరిచేసుకోవాలి. ఈ క్రమం వేళ్ళకు పట్టేదాకా జీపీఎస్ తెరను ఆపి ఉంచమని బోధకుణ్ణి అడగండి. పట్టిన తరువాత జీపీఎస్ చూపించే గమన దిశను నిస్సంకోచంగా వాడుకోండి, ఎందుకంటే నిజమైన ఆపదలో అది ఎదుట ఉండగా వాడకపోవడం తెలివితక్కువతనం.

అన్నిటికంటే నేను ఎక్కువగా మెచ్చుకునేది మూతలు వేసి చేసే అన్‌యూజువల్ ఆటిట్యూడ్ సాధన, అంటే అదుపు తప్పిన భంగిమ నుంచి విమానాన్ని సరిచేయడం. బోధకుడు తల దించమని చెప్పి విమానాన్ని అటూ ఇటూ తిప్పి ఇస్తాడు. తల ఎత్తి చూసేసరికి వేగం పెరుగుతోంది, ఆల్టిమీటరు వెనక్కి తిరుగుతోంది, టర్న్ కోఆర్డినేటర్ ఒక పక్కకి పూర్తిగా ఒరిగి ఉంది. ముందు శక్తి తగ్గించాలి, తరువాత రెక్కలు సమం చేయాలి, ఆ తరువాతే ముక్కు ఎత్తాలి. అయితే ఎంతవరకు ఎత్తాలో చెప్పే మీటరు మూత కింద ఉంది. అప్పుడు కళ్ళు ఎయిర్‌స్పీడ్ ముల్లు మీద పెట్టాలి: పెరుగుతున్న ముల్లు నెమ్మదించి, ఒక క్షణం ఆగి, వెనక్కి తిరగబోయే చోట ఆల్టిమీటరు కూడా ఆగుతుంది, ముక్కు క్షితిజరేఖను దాటుతున్న క్షణం అదే. అక్కడ చేతిని ఆపితే విమానం నిలబడుతుంది, ఇంకా లాగితే మరో వైపు సమస్య మొదలవుతుంది. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా అర్థం కాని ఈ సంగతి మూతతో రెండు మూడు సార్లు చేస్తే ఒంటబడుతుంది.

మూతల లోపం కూడా ఇక్కడే బయటపడుతుంది. మూత పడటమే ఒక ప్రకటన: ఈ మీటరు పోయింది, దీన్ని చూడకు అని అది శిష్యుడికి ముందుగానే చెప్పేస్తుంది. నిజజీవితంలో ఎవరూ చెప్పరు. డ్రై వాక్యూమ్ పంపు ముందస్తు సూచన లేకుండా ఆగిపోవచ్చు, కానీ అది తిప్పే గైరోలు మాత్రం వెంటనే ఆగవు. కొన్ని నిమిషాలపాటు వేగం కోల్పోతూ, ఆటిట్యూడ్ ఇండికేటర్‌ను కొద్దికొద్దిగా ఒక పక్కకి వాల్చుతాయి. మబ్బులో ఉన్న పైలట్ ఆ వాలును సరిచేస్తున్నానని అనుకుంటూ నిజంగా సమంగా ఉన్న విమానాన్ని వాల్చడం మొదలుపెడతాడు. పెద్ద విమానాల్లో కూడా ఇది జరిగింది. 1978 జనవరి 1 రాత్రి బొంబాయి నుంచి బయలుదేరిన ఎయిర్ ఇండియా బోయింగ్ 747, ఎంపరర్ అశోక, కెప్టెన్ ఎదుటి ఆటిట్యూడ్ సూచిక తప్పు చూపించడం వల్ల అరేబియా సముద్రంలో కూలి 213 మంది మరణించారు. ఆ విషాదం నుంచి శిక్షణలో ఉన్న మనం నేర్చుకోవలసింది మూత వేసిన మీటరు లేకుండా ఎగరడం ఒక్కటే కాదు, మూత లేని మీటరును ఎప్పుడు నమ్మడం మానుకోవాలన్నది కూడా.

ఆ పని కోసమే ఎక్స్-ప్లేన్‌ను సిఫారసు చేస్తున్నాను. దీనిలోని ఫెయిల్యూర్స్ పేజీలో వాక్యూమ్ వ్యవస్థ, పిటో ట్యూబు, స్టాటిక్ పోర్టు, విడివిడిగా ఒక్కొక్క మీటరు, ఇలా వేటినైనా ఎంచుకుని, ఒక నిర్దిష్ట సమయానికో, ఎత్తుకో, వేగానికో, లేదా ఎప్పుడు జరుగుతుందో మనకు తెలియకుండా యాదృచ్ఛికంగానో చెడిపోయేలా పెట్టవచ్చు. గుండ్రటి మీటర్ల సెస్నా 172 దానితోపాటే వస్తుంది. యాదృచ్ఛిక వైఫల్యం పెట్టి, మబ్బులు దట్టంగా ఉంచి, మామూలు అప్రోచ్ చేసుకుంటూ పొండి. ఆటిట్యూడ్ ఇండికేటర్ ఎడమకు వాలినట్టు చూపుతుంటే టర్న్ కోఆర్డినేటర్ ఎందుకు సమంగా ఉందన్న ప్రశ్న మీ మనసులో ఎంత త్వరగా పుడుతుందో మీకే తెలుస్తుంది. అప్పుడు చూపు వాక్యూమ్ పంపు పీల్పును చూపే సక్షన్ గేజ్ వైపు వెళ్ళాలి. చాలామంది శిష్యులు ఇంజిన్ స్టార్టు చేసేటప్పుడు తప్ప దాని ముఖం చూడరు. పిటో, స్టాటిక్ వైఫల్యాలు ఇంకా మోసకారివి. స్టాటిక్ పోర్టు మూసుకుపోతే ఆల్టిమీటరు ఉన్నచోటే గడ్డకడుతుంది, పైకెక్కుతుంటే వేగం తక్కువగానూ దిగుతుంటే ఎక్కువగానూ చూపుతుంది. పిటో ట్యూబూ దాని నీటి రంధ్రమూ రెండూ మూసుకుపోతే ఎయిర్‌స్పీడ్ మీటరు ఆల్టిమీటరులా ప్రవర్తిస్తుంది: పైకెక్కే కొద్దీ వేగం పెరుగుతున్నట్టు కనిపిస్తుంది, దాన్ని నమ్మి ముక్కు ఇంకా ఎత్తితే విమానం స్టాల్ అవుతుంది, అంటే రెక్కలు దాన్ని మోయలేకపోతాయి. విమానంలో దీన్ని మూతతో చూపించడం సాధ్యం కాదు, నిజంగా చేసి చూపించడం తగదు. ఇంట్లో కూర్చుని పదిసార్లు చేయవచ్చు.

సిమ్యులేటరు లోపాలు కూడా చెప్పాలి. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ఆమోదించిన పరికరం కాని ఇంటి కంప్యూటర్ మీద చేసిన గంటలు లాగ్‌బుక్కులోకి ఎక్కవు. రేటింగుకు అవసరమైన 40 గంటల్లో వీటిని చూపించలేం. అంతకంటే పెద్ద లోపం శరీరానికి సంబంధించినది. మబ్బులో లోపలి చెవి చేసే మోసం, సమంగా ఉన్నా వాలిపోతున్నట్టు అనిపించే ఆ బలమైన భ్రమ, కుర్చీలో రాదు. మీటరు ఒకటి చెబుతుంటే శరీరం మరొకటి చెప్పడం విమానంలోనే అనుభవించాలి.

అక్కడ పనికొచ్చేది ఫాగుల్స్. పై భాగం మసకబారి, కింది భాగం మాత్రం స్పష్టంగా ఉండే ఈ కళ్ళద్దాలు తేలికైనవి, తలకు తొడిగే పాత పద్ధతి ముసుగు (హుడ్) కంటే సౌకర్యమైనవి. అయితే పవరు అద్దాలు పెట్టుకునేవారికి వాటి మీద ఇవి సరిగా కూర్చోవు, రెండు జతల కాడలు హెడ్‌సెట్ దిండును పైకెత్తి ఇంజిన్ రొదను చెవిలోకి వదులుతాయి. పక్కల నుంచి కొంత వెలుతురు కూడా జారుతుంది. సాయంత్రం ఎండ ప్యానెల్ మీద పడుతున్నప్పుడు అక్కడి నీడలు జరగడాన్ని బట్టే విమానం తిరుగుతోందని తెలిసిపోతుంది. మూత వేసిన ప్రయోజనం అంతా అక్కడే పోతుంది. కాబట్టి పార్షియల్ ప్యానెల్ సాధనకు ఎండ లేని, కింద స్పష్టంగా కనిపించే మేఘావృతమైన రోజునో, రాత్రినో ఎంచుకోమని నా సలహా. పక్క సీటులో కనీసం ప్రైవేట్ పైలట్ సర్టిఫికెట్ ఉండి, ఆ తరగతి విమానం నడిపే అర్హత గల సేఫ్టీ పైలట్ ఉండాలన్నది నియమం. నిజమైన మబ్బులో, ఒకే వాక్యూమ్ పంపు ఉన్న పాత విమానంలో మూతలు వేయడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను.

గుండ్రటి మీటర్ల బదులు కంప్యూటర్ తెరలుండే గ్లాస్ కాక్‌పిట్‌లో నేర్చుకునేవారికి మూతల అవసరం తక్కువ. జీ1000 అనే అలాంటి తెరలున్న సెస్నాలో బోధకులు ప్రధాన తెర వెలుతురును పూర్తిగా తగ్గించి, అత్యవసరానికి ఉంచిన స్టాండ్‌బై మీటర్లతో ఎగరమంటారు. సెన్సరు పోతే ఆ తెర మీదే ఎర్రటి ఇంటూ గుర్తు పడుతుంది కాబట్టి పసిగట్టే కష్టం కొంత తగ్గుతుంది.

మూతల సెట్టు కొన్నవారు బోధకుణ్ణి ఒక విషయం అడగాలి. వాక్యూమ్ పంపు పోతే రెండు మీటర్లు పోతాయి కాబట్టి చాలామంది రెండు మూతలూ ఒకేసారి వేస్తారు. దానికి బదులు, ముందు సక్షన్ గేజ్ మీద మాత్రమే చిన్న బిళ్ళ అంటించి ఊరుకోమనండి. శిష్యుడు దాన్ని గమనించి, వాక్యూమ్ పోయిందని నోటితో చెప్పి, ఏయే మీటర్లను ఇక నమ్మకూడదో పేర్లతో సహా చెప్పిన తరువాతే అసలు మూతలు తనే స్వయంగా వేసుకోవాలి. ఆ అలవాటు నిజమైన వైఫల్యంలోనూ అక్కరకొస్తుంది. పక్కకి ఒరిగిపోయి కళ్ళెదుట నిలబడిన తప్పుడు ఆటిట్యూడ్ ఇండికేటర్ చూపును పదేపదే తనవైపు లాక్కుంటుంది. దాన్ని వెంటనే కప్పేయడం మొదటి పనుల్లో ఒకటి. అందుకే పరీక్ష పాసైన తరువాత కూడా ఆ రెండు వినైల్ బిళ్ళలను బ్యాగు అడుగున కాకుండా, సీటులో కూర్చునే అందుకోగల చార్టు జేబులో, తొడకు కట్టుకునే రాతపలక (నీబోర్డు) పక్కనే ఉంచుకోండి.