సీకెమ్ స్ట్రెస్‌గార్డ్: మంచినీటి స్టింగ్‌రే గాయానికి ఎంతవరకు పనికొస్తుంది?

మంచినీటి స్టింగ్‌రేకి (తోక మీద ముల్లుండే బల్లపరుపు చేప, పొట్టిగా రే) దెబ్బ తగిలిందని అక్వేరియం షాపుకి వెళ్తే ముందు చేతిలో పెట్టేవి మూడు: నీలం మందు, ఆకుపచ్చ మందు, గల్లుప్పు. గోల్డ్‌ఫిష్‌కి నడిచిపోయే ఈ మూడూ రేకి నడవవు. వీటికి బదులు అడిగి కొనుక్కోదగినది సీకెమ్ కంపెనీ వాళ్ల స్ట్రెస్‌గార్డ్, ట్యాంకు నీళ్లలో కలిపే మందు. మేం ఐదుకి నాలుగు ఇస్తున్నాం. అందులో ఎక్కువ భాగం ఒకే కారణానికి: రేని దాని ట్యాంకులోంచి కదపకుండా వాడొచ్చు.

ఈ మాట చిన్నదిగా కనిపిస్తుంది గానీ రే విషయంలో సగం వైద్యం ఇదే. వలతో పడితే తోక మీది ముల్లు వలలో చిక్కుకుంటుంది. విడిపించేలోపు ముల్లు విరగొచ్చు, తోక చిట్లొచ్చు, మనిషి చేతికి గుచ్చుకోవచ్చు. అడుగున్నర డిస్క్ (పళ్లెంలాంటి గుండ్రటి ఒళ్లు) ఉన్న మోటోరో జాతి రేని చిన్న టబ్బులో వేస్తే అంచులు గోడకి ఒరుసుకుని కొత్త గాయాలవుతాయి. పైగా రే బాగా తింటుంది, అంతే విసర్జిస్తుంది. విసర్జనలోని అమ్మోనియాని తినే బ్యాక్టీరియా ఇంకా పట్టని ఫిల్టరుతో ఉన్న టబ్బులో ఒక్క రోజులోనే ఆ అమ్మోనియా పైకి లేస్తుంది. పాత గాయం మానడానికి తీసుకెళ్లి కొత్త జబ్బు అంటించినట్టవుతుంది.

స్ట్రెస్‌గార్డ్ చేసే పని: గాయం దగ్గర చర్మం ఊడి బయటపడ్డ ప్రోటీన్లకి ఇందులోని పదార్థం అంటుకుని, జిగురు పొర తిరిగి ఏర్పడేదాకా కాపు కాస్తుందని కంపెనీ చెబుతుంది. తేలికపాటి యాంటీసెప్టిక్ గుణం ఉంది, మంట పుట్టించదు. యాంటీబయాటిక్ మాత్రం కాదు. లోపలికి దిగిన ఇన్ఫెక్షన్ని ఇది ఆపలేదు. ఈ తేడా తెలియకుండా కొంటే సీసా ఖాళీ అయ్యేసరికి చేప చేయి జారిపోతుంది.

డోసు 40 లీటర్లకి 5 మి.లీ., అంటే ఒక మూత. అసలు ఇబ్బంది ఇక్కడే. రే ఉండే ట్యాంకు చిన్నది కాదు. 6 అడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, 2 అడుగుల ఎత్తు అంటే నిండుగా సుమారు 850 లీటర్లు. ఒక్క డోసుకే 106 మి.లీ. కావాలి. 250 మి.లీ. సీసా రెండు డోసులకి సరిపోయి కాస్త మిగులుతుంది, అంతే. మేం తగ్గించిన ఒక మార్కు దీనికే. నీటిని అడుగు లోతుకి దించితే 53 మి.లీ. చాలు. రే నేలనంటుకుని బతికే చేప కాబట్టి అడుగు లోతు దానికి ఇబ్బంది కాదు. కాకపోతే రెండు జాగ్రత్తలు. నీళ్లు దించేముందు హీటర్ ఆపాలి. నీటి బయట వేడెక్కిన గొట్టం పగిలిపోతుంది, లేదా మళ్లీ నీళ్లు తగలగానే చిట్లుతుంది. రెండోది, నీళ్లు సగమయ్యాయంటే అమ్మోనియా పలచబడే చోటూ సగమే. రోజూ టెస్ట్ చేయాల్సిందే.

వాడే తీరు ఇది. ముందు 30 శాతం నీళ్లు మార్చాలి. హైదరాబాద్ కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి పోసే నీటికి డీక్లోరినేటర్ తప్పదు. సీకెమ్ ప్రైమ్ అయితే 200 లీటర్లకి 5 మి.లీ. కొత్త నీటికీ ట్యాంకు నీటికీ వేడిలో ఒక డిగ్రీకి మించి తేడా ఉండకూడదు. ఫిల్టరులో యాక్టివేటెడ్ కార్బన్ ఉంటే తీసేయాలి, యూవీ లైటు ఆపేయాలి. మెడికల్ షాపులో దొరికే 20 మి.లీ. సిరంజి, సూది లేకుండా, మూతకన్నా కచ్చితంగా కొలుస్తుంది. కొలిచిన మందుని మగ్గు ట్యాంకు నీళ్లలో కలిపి, ఫిల్టరు నీళ్లు పడే చోట ఐదు నిమిషాల పాటు కొద్దికొద్దిగా పోయాలి. రే వీపు మీద నేరుగా పోయొద్దు. దాని కళ్ల వెనకే శ్వాసరంధ్రాలుంటాయి. అడుగున పడుకున్నప్పుడు అది నీళ్లు పీల్చుకునేది వాటితోనే.

మర్నాడు అమ్మోనియా, నైట్రైట్ చూడండి. రెండూ సున్నా ఉండాలి. లేకపోతే మందు సంగతి పక్కన పెట్టి మళ్లీ నీళ్లు మార్చండి. శుభ్రమైన నీళ్లు, 26 నుంచి 28 డిగ్రీల వేడి, పుష్కలంగా గాలి: పై గాయాల్ని నిజంగా మాన్పేవి ఇవే. సీసా వాటికి తోడు. డిస్క్ అంచులు పైకి వంకర తిరుగుతుంటే గాయం కన్నా ముందు నీటిని అనుమానించాలి.

ఏ గాయానికి పనిచేస్తుందో విడిగా చెప్పాలి. హీటర్ కాల్పు రేలలో తరచూ కనిపించేది. పొలుసులు లేని చేప, వెచ్చగా ఉందని గొట్టానికి ఆనుకుని పడుకుంటుంది, తోలు కాలుతున్నా లేవదు. మచ్చ ఆకారం చూస్తేనే తెలిసిపోతుంది: గొట్టం మందంలో, తిన్నగా, గీత గీసినట్టు ఉంటుంది. మొదట బూడిద తెలుపులో ఉంటుంది. తర్వాత పైపొర జిగురుతో పాటు పేలికలా ఊడి, కింద గులాబి రంగు కండ కనిపిస్తుంది. స్ట్రెస్‌గార్డ్‌ అసలు అక్కర ఆ దశలోనే. గులాబి మీద పలచని బూడిద పొర కమ్మితే మానుతున్నట్టు. రంగు తిరిగి రావడానికి మాత్రం నెలలు పట్టొచ్చు, దానికోసం మళ్లీ మందు పోయనక్కర్లేదు.

ప్లెకో (అద్దానికి నోటితో అతుక్కునే చేప) గీకిన గాయాలకీ బాగానే ఉంటుంది. అవి రాత్రిపూట రే వీపెక్కి జిగురు నాకుతాయి, తెల్లారేసరికి గుండ్రటి గరుకు మచ్చలు మిగులుతాయి. ప్లెకోని తీసేయకుండా మందు పోయడం వృథా. మగ రే కరిచిన గాట్లు ఆడదాని డిస్క్ అంచున అర్ధచంద్రాల్లా ఉంటాయి. మగదాన్ని రంధ్రాలున్న ఆక్రిలిక్ షీటుతో వేరు చేస్తే చాలావరకు వాటంతటవే మానతాయి. ముల్లు ఊడిపోవడం గాయం కాదు. రేలు అప్పుడప్పుడూ ముల్లు విడిచి కొత్తది పెంచుకుంటాయి.

పనిచేయనివి: మూడో రోజుకి అంచు ఎర్రబడి గుంట లోతవుతున్న పుండు, దూదిలా బూజు పట్టిన గాయం, పొట్ట కింద ఎర్ర చారలు, తిండి మానేసి తోక మొదట్లో మృదులాస్థి పొడుచుకొచ్చిన రే. ఇక్కడ చేపలు తెలిసిన వెటర్నరీ డాక్టరు కావాలి. భీమవరం వైపు ఆక్వా షాపుల్లో చెరువు రొయ్యలకిచ్చే మందులు సులువుగా దొరుకుతాయి కదా అని అంచనాగా పోయకండి. బీకేసీ (బెంజాల్కోనియం క్లోరైడ్) లాంటి శానిటైజర్లైతే దగ్గరికే రానివ్వొద్దు.

షాపువాళ్ల మూడు మందుల సంగతి. నీలం మందు, అంటే మిథిలిన్ బ్లూ, ఫిల్టరులోని మంచి బ్యాక్టీరియాని చంపుతుంది. మెయిన్ ట్యాంకులో పోయకూడదు. ఆకుపచ్చది మాలకైట్ గ్రీన్, ఫార్మలిన్‌తో కలిపి కూడా అమ్ముతారు. పొలుసులు లేని ఈ చేపకి అది విషంతో సమానం. రాగి ఉన్న మందులూ అంతే. ఉప్పు విషయంలో చాలామంది పొరబడతారు. మన తీరంలో పడే టేకు చేప, అంటే సముద్రపు రే, రక్తంలో యూరియా నిలవ చేసుకుని ఉప్పునీటిని తట్టుకుంటుంది. అమెజాన్, పరానా నదుల పొటమోట్రైగాన్ జాతి మంచినీటి రేలు ఆ శక్తిని పోగొట్టుకున్నాయి, ఉప్పుని బయటికి నెట్టే గ్రంథి కూడా వాటిలో చిన్నదైపోయింది. సముద్రపు చుట్టమే కదా అని ఉప్పు పోస్తే భారం పడేది గాయపడ్డ చేప మీదే. పసుపు పూయడం కోసం నీళ్లలోంచి పైకి తీయడం కూడా వద్దు.

తప్పనిసరిగా కదపాల్సి వస్తే వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బుని నీళ్లలో ముంచి, రేని అందులోకి తోలి, నీళ్లతో సహా ఎత్తండి. తోక వైపు మనిషి ఉండకూడదు. ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, 45 డిగ్రీలు దాటకుండా, దెబ్బ తగిలిన చేతిని ఉంచుతూ ఆసుపత్రికి బయలుదేరండి. నీటి వేడిని రెండో చేత్తో చూడాలి, కుట్టిన చేతికి నొప్పిలో వేడి తెలియదు.

కొనేటప్పుడు 250 కాదు, 500 మి.లీ. సీసా తీసుకోండి. గడువు తేదీ చూసి, ఎండ తగలని చోట పెట్టండి. గాయం హీటర్ వల్ల అయినదైతే అదే ఆర్డరులో హీటర్‌కి ప్లాస్టిక్ గార్డు కూడా పెట్టండి. గార్డు సందులు రే అంచు దూరనంత సన్నగా ఉండాలి. ఇంకా మంచిది, హీటర్ని సంప్‌లోకి (ఫిల్టరు కోసం పెట్టే వేరే తొట్టిలోకి) మార్చేయడం.