ఒక సిమెంట్ కంపెనీ పర్యావరణ రిపోర్టులు: నాలుగేళ్లవి పక్కపక్కన పెట్టి చదివితే

ఓ పెద్ద సిమెంట్ కంపెనీ తన వెబ్‌సైట్‌లో ఏటా పెట్టే బీఆర్‌ఎస్‌ఆర్ రిపోర్టుల మీద ఈ రివ్యూ. బీఆర్‌ఎస్‌ఆర్ అంటే పర్యావరణం, సామాజిక బాధ్యతల్లో తన పనితీరు మీద కంపెనీ ఏటా ఇచ్చే రిపోర్టు. 2021-22 నుంచి 2024-25 దాకా వరసగా చదివాను. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు ఈ రిపోర్టు ఇచ్చి తీరాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2022-23 నుంచి తప్పనిసరి చేసింది. ఈ కంపెనీ అంతకు ముందు ఏడాదే, ఇష్టమైతే ఇవ్వొచ్చు అన్నప్పుడే ఇచ్చింది. అది మెచ్చుకోవాల్సిన విషయం. పేరు మాత్రం రాయను. ఇందులో నేను చూపించే తిరకాసులు ఏ కంపెనీ రిపోర్టులోనైనా ఉండొచ్చు.

హనుమకొండలో నాది ట్యాక్స్ ప్రాక్టీసు. ఈ కంపెనీ షేర్లు నా దగ్గర కొన్ని ఉన్నాయి. అంతకన్నా పెద్ద కారణం, మా అక్క అత్తగారి ఊరి పొలిమేరలోనే వీళ్ల ఫ్యాక్టరీ ఒకటి ఉంది. బావ పత్తి చేనులో ఆకు మీద వేలు పెట్టి గీస్తే గీత పడుతుంది. రాత్రి మంచు కురిసి పొద్దున ఆరితే ఆ పొడి ఆకుకి అతుక్కుని పొర కడుతుంది, గోటితో గీకినా పూర్తిగా రాదు. నేను రిపోర్టులు చదువుతున్నానని తెలిసి బావ అడిగింది ఒకటే: "అందుల మన ఊరి సంగతి ఏమన్న రాసిన్రా?"

రాయలేదు. నా మొదటి ఫిర్యాదు అదే. కరెంటు, నీళ్లు, పొగ, చెత్త అన్నీ కంపెనీ మొత్తానికి కలిపి ఇస్తారు. ఎక్కడో ఒక రాష్ట్రంలో కొత్త ఫిల్టర్ బిగించి దుమ్ము తగ్గిస్తే మొత్తం అంకె తగ్గుతుంది, మా అక్కవాళ్ల ఊళ్లో పెరిగినా ఆ తగ్గుదలలో కలిసిపోతుంది.

రెండోది ఇంకా ముఖ్యం, కాస్త ఓపిగ్గా చదవండి. మొదటి రెండు రిపోర్టుల్లో నీటి వాడకాన్ని "రూపాయి టర్నోవర్‌కి ఇంత" అని చూపించారు. ఒక లెక్క అనుకుందాం. ఓ ఫ్యాక్టరీ ఏడాదికి 10 లక్షల టన్నుల సిమెంట్ చేసి 3 లక్షల కిలోలీటర్ల నీళ్లు వాడింది. టన్ను ధర 4,500 రూపాయలు ఉన్నప్పుడు టర్నోవర్ 450 కోట్లు. మరుసటి ఏడు ధర 5,000 అయితే 500 కోట్లు. సిమెంట్ అంతే, నీళ్లు అంతే. కానీ రూపాయికి పడే నీళ్లు సరిగ్గా 10 శాతం తగ్గినట్టు రిపోర్టులో వస్తుంది. పెరిగింది సిమెంట్ రేటు, ఇల్లు కట్టుకునేవాడి జేబు ఖాళీ అయింది. బోరులోంచి తోడింది మాత్రం ఒక్క బిందె కూడా తగ్గలేదు. అందుకే వార్షిక నివేదికలో ఉత్పత్తి ఎన్ని టన్నులో చూసి, టన్నుకి ఎన్ని లీటర్లో నేనే లెక్కేసుకున్నాను. 2023లో సెబీ బీఆర్‌ఎస్‌ఆర్ కోర్ (అందులోని కీలక అంకెల జాబితా) తెచ్చాక ఉత్పత్తి పరిమాణాన్ని బట్టి కూడా చూపించాల్సి వచ్చింది. అందువల్ల 2023-24, 2024-25 రిపోర్టులు చదవడం చాలా తేలిక. ఈ మార్పు నాకు నిజంగా సంతోషం కలిగించింది.

మా వృత్తిలో నిరుటి క్లోజింగ్ బ్యాలెన్సే ఈ ఏటి ఓపెనింగ్ బ్యాలెన్స్ కావాలి. ప్రతి రిపోర్టులో ఈ ఏడాది, గత ఏడాది అని రెండు కాలమ్‌లు ఉంటాయి కాబట్టి అదే పరీక్ష ఇక్కడా పెట్టాను. ఒక ఏడాది చెత్త లెక్క పాత రిపోర్టుతో కలవలేదు. అడుగున చిన్న అక్షరాల్లో లెక్కించే పద్ధతి మార్చామని ఒక్క వాక్యం ఉంది. ఎందుకు మార్చారో, పాత పద్ధతిలో ఎంత వచ్చేదో లేదు. బ్యాలెన్స్ షీట్‌లో ఇలా రాస్తే ఏ ఆడిటరూ ఊరుకోడు.

కార్బన్ విషయానికొస్తే, స్కోప్ 1 (కంపెనీ తన దగ్గరే నేరుగా వదిలే కార్బన్) తగ్గిందని చూసి సంబరపడకండి. సొంత పవర్ ప్లాంటులో బొగ్గు కాల్చడం తగ్గించి గ్రిడ్ కరెంటు కొంటే స్కోప్ 1 తగ్గి స్కోప్ 2 (కొన్న కరెంటు తయారీలో వచ్చే కార్బన్) పెరుగుతుంది. రెండూ కలిపి టన్నుకి చూడాలి. సిమెంట్‌లో ఇంకో చిక్కుంది: 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, ఏ ఇంధనం వాడినా సరే. కాబట్టి టన్ను సిమెంట్‌కి కార్బన్ తగ్గాలంటే ఒక పెద్ద దారి క్లింకర్ (సున్నపురాయి కాల్చగా వచ్చే ముడి సిమెంట్ గడ్డలు) తగ్గించి, రామగుండం లాంటి థర్మల్ కేంద్రాల బూడిద కలపడం. ఇలా బూడిద కలిపి చేసే పీపీసీ సిమెంట్‌లో 35 శాతం దాకా కలపొచ్చు. ఈ కంపెనీ ఆ పని శ్రద్ధగానే చేస్తోంది, నాలుగేళ్లలో తగ్గుదల కనిపిస్తోంది. ఇందులో పేచీ లేదు.

"వాడిన దానికంటే ఎక్కువ నీళ్లు భూమికి తిరిగిచ్చాం" అనే పేజీ మాత్రం నమ్మబుద్ధి కాలేదు. పాత గని గుంతల్లో నిలిచిన వాననీళ్లు కూడా అందులో కలిపారు. వేరే రాష్ట్రంలో గుంత నిండితే మా బావ బోరులో నీళ్లు రావు కదా!

ఫ్యాక్టరీ పక్కన ఉండేవాళ్లు బీఆర్‌ఎస్‌ఆర్ పక్కనపెట్టి చదవాల్సింది వేరే ఉంది. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి పొందిన ఫ్యాక్టరీ ఏటా జూన్ 1కి, డిసెంబర్ 1కి ఆరునెలల కంప్లయన్స్ రిపోర్టు ఇవ్వాలి. ఈ కంపెనీ సైట్‌లో అవి ఓ మూల లింకులో దొరికాయి. వంకరగా స్కాన్ చేసిన పేజీలు, ఫొటోల్లేవు, రంగుల్లేవు. కానీ ప్లాంటు వారీగా ఉన్నాయి. ఏ చిమ్నీ నుంచి ఎంత దుమ్ము వచ్చింది, చుట్టుపక్కల ఏ ఊళ్లో గాలి ఎలా ఉంది, అన్నీ ఉన్నాయి. చిమ్నీ పరిమితి ఘనపు మీటరుకి 30 మిల్లీగ్రాములు. ఊరి గాలిలో పీఎం10 (ఊపిరితో లోపలికి పోయే సన్నని దుమ్ము) రోజు సగటు 100 మైక్రోగ్రాములు దాటకూడదు. అంకెలన్నీ పరిమితి లోపలే ఉన్నాయి. మరి పత్తి ఆకు మీద పొర ఎక్కడిది? లారీలు తిరిగే మట్టి రోడ్డు, క్రషర్, బయట పోసిన రాతి కుప్పలు చిమ్నీ లెక్కలోకి రావు. గాలి కొలిచే మిషన్ గాలివాటుకి ఏ పక్కన పెట్టారన్నది కూడా చూడాలి. రిపోర్టు మ్యాపులో ఆ చుక్క బావ చేనుకి ఎదురు దిక్కున ఉంది.

బీఆర్‌ఎస్‌ఆర్‌కి ఐదుకి మూడు ఇస్తాను, అందులో ఒకటి టన్ను లెక్క వచ్చినందుకే. వంకర స్కాన్ల ఆరునెలల రిపోర్టుకి నాలుగు. ఈసారి ఏజీఎంలో, అంటే వాటాదారుల వార్షిక సమావేశంలో, మాట్లాడటానికి పేరు నమోదు చేసుకున్నాను. అడిగేవి రెండే: నీళ్లు, దుమ్ము ప్లాంటు వారీగా ఇవ్వాలి, గాలి కొలిచే మిషన్ ఒకటి బావవాళ్ల చేల వైపు పెట్టాలి.