వేడర్స్ కొనేవాళ్లు జాగ్రత్త: లోపలి కుట్లు చూడకుండా డబ్బు కట్టకండి

కోపంలోనే రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. వేడర్స్ (నీళ్లలో దిగడానికి ఛాతీ దాకా వేసుకునే, నీళ్లు చొరబడని ప్యాంటు) కొన్న షాపు నుంచి నిన్న సాయంత్రం తిరిగొచ్చాను, ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. పేరు రాయను. ఇక్కడ ఇంగ్లండ్ తూర్పున వాష్ అఖాతం తీరంలో బాతుల వేటకి వెళ్లే మనవాళ్లలో సగం మంది అక్కడే కొంటారు, ఏ షాపో మీకు అర్థమయ్యే ఉంటుంది.

సెప్టెంబర్‌లో సీజన్ మొదలవగానే నాకూ తమ్ముడికీ చెరో జత నియోప్రీన్ (స్పాంజిలాంటి రబ్బరు) వేడర్స్ కొన్నాను. 5 మిల్లీమీటర్ల మందం, బూట్లు అతికించే ఉన్న రకం, బూట్ల లోపల చలి ఆపే థిన్సులేట్ పొర, 1000 గ్రాముల రకం. జత 180 పౌండ్లు. కౌంటర్ దగ్గరున్న ఆయన్ని రెండుసార్లు అడిగాను. "వాష్ తీరంలో బురద పాయల్లో గంటలకొద్దీ మోకాళ్ల మీద కూర్చోవాలి. ఉప్పునీళ్లు. ఆగుతాయా?" "అందుకోసమే ఇవి" అన్నాడు. నమ్మాను. చలి ముదిరేదాకా పాత పల్చటివే చాలనుకుని కొత్తవి డబ్బాలోనే ఉంచేశాను.

పోయిన శనివారం మొదటిసారి వేసుకున్నాను. ఇంకా తెల్లారలేదు, పింక్‌ఫుట్ బాతుల కోసం పాయలో కూర్చున్నాం. కాసేపటికి ఎడమ తొడ లోపలివైపు సన్నగా, దారం పోగులా చల్లగా తగిలింది. నియోప్రీన్‌లో చెమట పట్టడం మామూలే కదా, అదేలే అనుకున్నాను. పది నిమిషాల్లో మేజోడు తడిసి ముద్దయింది. గాలి కంటే నీళ్లు ఒంట్లో వేడిని దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తాయని ఎన్నిసార్లో చదివాను. ఆ వేళ కాలి వేళ్లు ఉన్నాయో లేవో తెలియని స్థితిలో అది అర్థమైంది. పోటు రావడానికి ఇంకా టైముంది కానీ, గట్టు చేరాలంటే రెండు పాయలు దాటాలి. బూటు నిండా నీళ్లు, అడుగు తీస్తే బురద వదలడం లేదు. తమ్ముడు భుజం పట్టీ పట్టుకుని లాగకపోతే ఏమయ్యేదో. కారు దగ్గర వాడే నా బెల్టు విప్పాడు, నా వేళ్లు పని చేయలేదు.

ఇంటికొచ్చి లైట్లు ఆర్పి వేడర్స్ లోపల టార్చి పెట్టి చూశాను. రెండు కాళ్లూ కలిసే చోట, నాలుగు ముక్కలు ఒకదానికొకటి కుట్టిన దగ్గర, వరుసగా సూది మొనలంత చుక్కలు వెలిగాయి. తిరగేసి చూస్తే కుట్టు మీద వేయాల్సిన టేపు రెండు వేళ్ల దూరంలోనే ఆగిపోయింది. ఊడిపోవడం కాదు, అక్కడిదాకా అసలు రానేలేదు. బయట చిరుగు లేదు, గీత కూడా లేదు.

నిన్న కడిగి, ఆరబెట్టి, సంచిలో పెట్టుకుని వెళ్లాను. అమ్మిన మనిషే ఉన్నాడు. కుట్టు చూపించాను. దాన్ని చూడనైనా చూడలేదు. బూటు అడుగున గాట్లలో మిగిలిన బురదని వేలితో చూపించి "ఇది వాడిన సరుకు" అన్నాడు. వాడకపోతే కారుతోందని ఎలా తెలుస్తుంది? అప్పుడన్న మాట ఇప్పటికీ చెవుల్లో మోగుతోంది. "ఇవి చేపలు పట్టేవాళ్లు నిలబడి వాడేవి. వీటితో మోకాళ్ల మీద కూర్చోమని మీకెవరు చెప్పారు?"

మీరే చెప్పారండీ అన్నాను. ఇదే కౌంటర్ దగ్గర, రెండుసార్లు. రెండు వేళ్లతో వేడర్స్‌ని నా వైపు నెట్టి, నా వెనకున్నాయన్ని "మీకేం కావాలి సార్?" అని అడిగాడు. డబ్బు పోయినందుకు కాదు, నన్ను అబద్ధాలకోరుని చేసినందుకు బాధ.

తప్పు నాదీ ఉంది. కొన్న వారంలోనే బాత్‌టబ్‌లో నీళ్లు నింపి నిలబడి చూసుంటే బయటపడేది. లోపం ఉన్న సరుకు 30 రోజుల్లోపు వెనక్కిస్తే మొత్తం డబ్బు ఇవ్వాలని బ్రిటన్ 2015 వినియోగదారుల హక్కుల చట్టంలో ఉంది, ఆ గడువు నా చేతులారా పోగొట్టుకున్నాను. పైగా డెబిట్ కార్డుతో కట్టాను. క్రెడిట్ కార్డయితే 100 పౌండ్లు దాటిన వస్తువుకి వినియోగదారుల రుణ చట్టం సెక్షన్ 75 కింద డబ్బు వెనక్కిమ్మని బ్యాంకునే అడగొచ్చు. అయినా ఆరు నెలలు కాలేదు కాబట్టి, లోపం మొదట్నుంచీ లేదని నిరూపించాల్సింది షాపువాళ్లే. బాగు చేయండి లేదా మార్చండి అని రాత్రే ఉత్తరం రాశాను, ఫొటోలు జత చేశాను.

మీరు కొనేటప్పుడు మందం, గ్రాములు తర్వాత చూడండి. ముందు వేడర్స్ తిరగేసి కాళ్ల మధ్య కుట్టు మీద వేలు పెట్టి టేపు చివరిదాకా ఉందో లేదో తడమండి. మోకాళ్ల దగ్గర రెండో పొర ఉండాలి. బూటు ఒక సైజు పెద్దది తీసుకోండి, రెండు జతల ఉన్ని మేజోళ్లు వేసుకున్నా వేళ్లు కదలాలి, బిగుసుకుంటే ఎంత థిన్సులేట్ ఉన్నా కాళ్లు గడ్డకడతాయి. నడుము బెల్టు లేకుండా నీళ్లలోకి దిగొద్దు. అమ్మేవాడు దేనికి పనికొస్తాయన్నాడో బిల్లు మీద రాయించుకోండి.

ఫిబ్రవరి 20 దాకా తీరంలో సీజన్ ఉంది. తమ్ముడి జత కూడా అక్కడిదే, వాడు ఆదివారం వెళ్తానంటున్నాడు. ఈ రాత్రి అవి కూడా తిరగేసి టార్చి పెట్టి చూసేదాకా వాణ్ని కదలనివ్వను.