బీరువా తలుపుకి బెల్టుల హ్యాంగరు, జేబుల సంచీ: కొన్నేళ్లు వాడాక

బీరువా తలుపు లోపలివైపు వేలాడదీసేవి రెండు కొన్నాం. ఒకటి వరసగా కొక్కేలున్న స్టీలు బెల్టుల హ్యాంగరు, రెండోది లోపలున్నది కనిపించే ప్లాస్టిక్ జేబుల సంచీ. కావలిలో మా ఇంట్లో కొన్నేళ్లుగా రెండూ వాడకంలో ఉన్నాయి. హ్యాంగరు కళ్లు మూసుకుని కొనొచ్చు. సంచీ మాత్రం సగం పనికే.

మా ఆయనకి నెల్లూరులో ఉద్యోగం, పొద్దున్నే రైలు. పిల్లలిద్దరికీ స్కూలు బస్సు. అందరికీ బెల్టులు, టైలు, ఐడీ కార్డులు, నాకు వాచీ, పిన్నీసులు అన్నీ ఒకే అరగంటలో కావాలి. "అమ్మా, నా బెల్టు కనపడటం లేదు" అనే కేక ఇప్పుడు దాదాపు లేదు. సాయంత్రం విప్పగానే కొక్కేనికి తగిలించడం పిల్లలకి అలవాటైంది. చుట్టి డబ్బాలో పెట్టమంటే ఒక్కరోజు కూడా పెట్టేవాళ్లు కాదు.

బెల్టుకీ ఇదే మంచిది. ఎప్పుడూ చుట్టే ఉంచితే తోలు ఆ వంపులోనే బిగుసుకుపోయి రంధ్రాల దగ్గర పగులుతుంది. బకిల్ పట్టి వేలాడదీస్తే సాఫీగా ఉంటుంది. కొనేముందు కొక్కెం కొన పైకి బాగా తిరిగి ఉందో లేదో చూడండి. ఆఫీసుకి పెట్టుకునే ఆటోమేటిక్ బకిళ్లు బరువు, కొక్కెం పొట్టిదైతే తలుపు విసురుగా వేసినప్పుడల్లా కింద పడతాయి. ఇంకో సంగతి తుప్పు. మాకు తుమ్మలపెంట సముద్రం దగ్గరే, ఆ ఉప్పుగాలికి మెరుగు పూసిన ఇనుము ఎంతో కాలం ఆగదు. గీత పడ్డచోట తుప్పు లేచి బెల్టుకి అంటుతుంది. 304 స్టీలు (తేలిగ్గా తుప్పు పట్టని రకం) అని ఉన్నది తీసుకుని అయస్కాంతం పెట్టి చూడండి, గట్టిగా అంటుకుంటే అనుమానించాల్సిందే.

ఇక సంచీ. క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు, టైలు, ఐడీ కార్డులు, చేతిరుమాళ్లకి భేషుగ్గా ఉంది. ఏ జేబులో ఏముందో వెతుక్కోనక్కర్లేదు. తోలు బెల్టులు, వన్ గ్రామ్ గోల్డ్ నగలు మాత్రం అందులో వద్దు. మన నెల్లూరు వైపు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే కదా. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు గోడలే చెమ్మగిల్లాయి. జేబులో ఉన్న తోలు బెల్టు మీద బూజు తెల్లగా పొడిలా లేచింది. తలుపు రెండోవైపు కొక్కేనికి ఉన్న బెల్టుకి ఏమీ కాలేదు. గాలి ఆడటం, ఆడకపోవడం, అంతే తేడా. రెగ్జిన్ బెల్టయితే చెమ్మకి పైపొర పొట్టులా ఊడుతుంది, అది తుడిచినా బాగుపడదు. గిల్టు నగలు చెమట తుడవకుండా జేబులో వేస్తే త్వరగా నల్లబడతాయి. సంచీ ప్లాస్టిక్ కూడా ఇప్పటికే పసుపెక్కింది, గాజులు పెట్టిన జేబు కుట్టు దగ్గర చినిగింది.

"రెండు కలరా ఉండలు పడెయ్యమ్మా, పోతుంది" అంది మా అత్తయ్య. అవి పురుగులకే అత్తయ్యా, చెమ్మకి కాదు అన్నాను. ఆ వాసనతో ఆయన రైలెక్కితే పక్కసీటు ఖాళీగా ఉంటుందేమో గానీ, బూజు పోదు. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు కొంచెం నయం, అవీ తేమ పీల్చి నిండిపోయాక దండగే.

ఇనప బీరువా ఉన్నవాళ్లకో మాట. తలుపు అంచుకి తగిలించే రకం కొంటే తలుపు సరిగ్గా పడదు, తాళం పట్టదు. మాది చెక్క అల్మారా, స్క్రూలు బిగించాం. గోడకి అంటించే స్టిక్కరు హుక్కుల జోలికి పోకండి, సున్నం గోడైతే పెచ్చుతో సహా ఊడొస్తాయి.

ఈ సంచీ పూర్తిగా చినిగాక మళ్లీ ప్లాస్టిక్‌ది కొనను, వలగుడ్డ జేబులది దొరికితే చూస్తాను. హ్యాంగరు మాత్రం పిల్లల గదికి ఇంకోటి తెప్పించి, చిన్నోడి చేతికి అందే ఎత్తులో బిగించాం.