3018 సీఎన్‌సీ రౌటర్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

తక్కువ ఖర్చులో టేబుల్ మీద పెట్టుకునే సీఎన్‌సీ (కంప్యూటర్ చెప్పినట్టు కదిలి కోసే మెషిన్) కొనాలనుకునేవాళ్లు మొదట అడిగేది ఒకటే: అల్యూమినియం కోస్తుందా? నా 3018 కోస్తుంది. కానీ ఆ ఒక్క మాట విని కొనేయకండి. ఎంతసేపట్లో కోస్తుంది, అంచు ఎలా వస్తుంది అన్నవి కూడా అడగాలి.

3018 ఒక కంపెనీ మోడల్ పేరు కాదు. సుమారు 300 బై 180 మిల్లీమీటర్ల పని జాగా ఉన్న చిన్న మెషిన్లన్నిటినీ అలాగే అంటారు. ఎవరు తయారుచేసినా లోపలి సరుకు దాదాపు ఒకటే. అల్యూమినియం ప్రొఫైళ్లతో ఫ్రేమ్, రెండు చివర్ల దగ్గర మాత్రమే బిగించిన స్టీల్ రాడ్లు, టీ8 లీడ్ స్క్రూలు (తిరుగుతూ మెషిన్‌ని జరిపే పొడవాటి మరలు), నెమా 17 స్టెప్పర్ మోటార్లు (చిన్న చిన్న అడుగులుగా తిరిగేవి), బిట్‌ని తిప్పే స్పిండిల్‌గా 775 డీసీ మోటార్, బిట్‌ని పట్టుకునే ఈఆర్11 కొలెట్, జీఆర్‌బీఎల్ (మెషిన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) మీద నడిచే బోర్డు. కాబట్టి మీరు ఏ పేరుతో కొన్నా నేను చెప్పేవి చాలావరకు సరిపోతాయి.

దీని ప్రధాన లోపం వంగడం. స్పిండిల్ చివర వేలితో గట్టిగా నెట్టి చూడండి, కదలిక కంటికే కనబడుతుంది. రాడ్ గట్టిదనం దాని వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. అంటే 10 మి.మీ. రాడ్ బదులు 12 మి.మీ. వేస్తే గట్టిదనం రెట్టింపు అవుతుంది. అదే పొడవు రెట్టింపు చేస్తే, అంతే బరువుకి 8 రెట్లు వంగుతుంది. పని జాగా పెంచే ఎక్స్‌టెన్షన్ కిట్లంటే నాకు పడకపోవడానికి కారణం ఇదే. ఉన్న రాడ్లే సన్నం, వాటిని ఇంకా పొడుగు చేయడమేంటి?

ప్రకటనల్లో కనబడే కచ్చితత్వం అంకెలనైతే అసలు పట్టించుకోవద్దు. స్టెప్పర్ ఒక చుట్టుకి 200 అడుగులు వేస్తుంది. డ్రైవర్ ఒక్కో అడుగుని 16 ముక్కలు చేస్తే 3,200. చుట్టుకి 4 మి.మీ. జరిగే స్క్రూ అయితే మిల్లీమీటరుకి 800 అడుగులు పడతాయి. దాన్నిబట్టి 0.00125 మి.మీ. అని రాసుకోవచ్చు. కాగితం మీద బాగానే ఉంటుంది. కానీ నట్టులో ఆట (వదులు), రాడ్ల వంపు, బిట్ ఊగడం కలిపితే నాకు చెక్క మీద 0.1 మి.మీ. దగ్గర వస్తే సంతోషమే.

ఇక పని సంగతి. ప్లైవుడ్, మెత్తటి చెక్క, యాక్రిలిక్ మీద ఏ ఇబ్బందీ లేదు. 3 మి.మీ. ఎండ్ మిల్ (కోసే బిట్) పెట్టి ఒక్కో పాస్‌కి 1 మి.మీ. లోతు, నిమిషానికి 500 మి.మీ. ఫీడ్ (బిట్ ముందుకు జరిగే వేగం) ఇస్తే హాయిగా నడుస్తుంది. కొత్తలో చాలామంది భయపడి ఫీడ్ బాగా తగ్గిస్తారు. అప్పుడు బిట్ కోయడం మానేసి రుద్దుతుంది, వేడెక్కుతుంది, చెక్క మాడుతుంది. ఫీడ్‌ని ఆర్‌పీఎంతోనూ (నిమిషానికి బిట్ తిరిగే చుట్లు) బిట్ అంచుల సంఖ్యతోనూ భాగిస్తే ఒక్కో అంచు ఎంత మందం చిప్ తీస్తోందో తెలుస్తుంది. ఆ లెక్క చేతిలో ఉంటే సగం టెన్షన్ పోతుంది. బయటికి పొడి బదులు చిప్పులు వస్తుంటే దారిలో ఉన్నట్టే. ఎండీఎఫ్ (చెక్క పీచు అదిమి చేసిన పలక) మాత్రం ఏం చేసినా పొడే ఇస్తుంది.

అల్యూమినియం దగ్గర కథ వేరు. ఒకే అంచున్న కార్బైడ్ బిట్, 9,000 ఆర్‌పీఎం, నిమిషానికి 250 నుంచి 300 మి.మీ. ఫీడ్, లోతు 0.1 మి.మీ. దీనికి మించితే ఫ్రేమ్ మొత్తం కీచుమంటుంది. 10 మి.మీ. పలక కోయాలంటే అదే గీత మీద 100 సార్లు తిరగాలన్నమాట. మధ్యలో చిప్పులు తీసేయకపోతే కరిగి బిట్‌కి అంటుకుంటాయి, ఆ తర్వాత బిట్ విరగడం ఖాయం. చల్లబరచడానికి ఆల్కహాల్ చల్లమని చాలామంది చెప్తారు. 775 బ్రష్ మోటార్, లోపల నిప్పురవ్వలు వస్తూనే ఉంటాయి. దాని పక్కన ఆల్కహాల్ చల్లే ధైర్యం నాకు లేదు. నేను గాలి ఊది సరిపెడతాను. పేరు పలకలు, పల్చటి బ్రాకెట్లు చేసుకోవచ్చు. స్టీల్ ఊసే వద్దు.

నాకు ఇది బాగా నచ్చింది సర్క్యూట్ బోర్డుల విషయంలో. రాగి పొర మందం మామూలుగా 35 మైక్రాన్లు. బోర్డు చూడటానికి చదునుగా ఉన్నా ఆ మూలకీ ఈ మూలకీ 0.2 మి.మీ. తేడా ఉండొచ్చు. వీ ఆకారం మొన ఉన్న బిట్‌తో రాగి దారులు విడదీసేలా గీస్తే ఒకచోట గీత వెడల్పైపోతుంది, ఇంకోచోట రాగి తెగదు. మెషిన్‌కి ఆదేశాలు పంపే క్యాండిల్ సాఫ్ట్‌వేర్‌లో హైట్ మ్యాప్ ఉంది. ప్రోబ్ వైర్లు తగిలిస్తే మెషిన్ బోర్డంతా గళ్లు గళ్లుగా తాకి ఎత్తుపల్లాలు కొలిచి, ఆ ప్రకారం లోతు సర్దుకుంటుంది. కోత బరువు తక్కువ కాబట్టి వంగే గుణం ఇక్కడ అడ్డు రాదు. ఒకటి గుర్తుంచుకోండి: ఎఫ్‌ఆర్4 బోర్డు పొడి గాజు పీచు. మాస్క్, వ్యాక్యూమ్ లేకుండా ఆ పని మొదలుపెట్టకండి.

అరిగిన వాటిలో మొదటివి ఇత్తడి నట్లు. స్ప్రింగ్ ఉన్న జంట నట్లు వేశాక ఆట తగ్గింది. కప్లింగ్ మరలు వదులవుతూనే ఉంటాయి, అప్పుడప్పుడు బిగించాలి. మోటార్ బ్రష్‌లు అరిగిపోతాయి, మోటారే మార్చేయాలి, అదేమంత పెద్ద పని కాదు. నన్ను బాగా విసిగించింది యూఎస్‌బీ. స్పిండిల్ మోటార్ పుట్టించే విద్యుత్ నాయిస్‌కి కంప్యూటర్ కనెక్షన్ పని మధ్యలో తెగిపోయేది. ఫెరైట్ (నాయిస్ అణిచే ముక్క) ఉన్న పొట్టి కేబుల్ పెట్టాక చాలావరకు తగ్గింది, కంప్యూటర్ లేకుండా నడిపే ఆఫ్‌లైన్ కంట్రోలర్ వచ్చాక పూర్తిగా పోయింది. ఈ స్టెప్పర్లకి తిరిగి చెప్పే ఏర్పాటు లేదు కాబట్టి నాలుగు అడుగులు తప్పినా మెషిన్‌కి తెలియదు, తప్పు చోటే కోసుకుంటూ పోతుంది. అందుకే నడుస్తున్నంతసేపూ పక్కనే ఉంటాను.

సాఫ్ట్‌వేర్‌కి ఖర్చు లేదు. జీఆర్‌బీఎల్, క్యాండిల్, డిజైన్ గీసుకునే ఫ్రీక్యాడ్ అన్నీ ఉచితం. ఫ్యూజన్ అనే ఇంకో డిజైన్ సాఫ్ట్‌వేర్ వ్యక్తిగత లైసెన్స్‌లో 2020 నుంచి ర్యాపిడ్ కదలికలు (కోయకుండా వేగంగా జరగడం) తీసేశారని కొందరు బాధపడతారు. ఈ మెషిన్ ఖాళీగా కదిలే వేగమే అంతంత మాత్రం, పెద్దగా పోయేదేం లేదు.

లోహమే మీ ప్రధాన పని అయితే రౌటర్ల వైపు చూడకుండా చిన్న బెంచ్ మిల్లుల వైపు వెళ్లండి. షెర్‌లైన్ లాంటి వాటి మామూలు స్పిండిల్ 2,800 ఆర్‌పీఎం దాటదు. చెక్క పలకలకి అది నెమ్మది, స్టీల్‌కి మాత్రం సరిగ్గా కావలసింది అదే. చెక్క ఎక్కువ, అల్యూమినియం అప్పుడప్పుడు అంటే లీనియర్ రైళ్లు, బాల్ స్క్రూలు ఉన్న కాస్త పై తరగతి రౌటర్ తీసుకుని, దానికి 10,000 నుంచి 30,000 ఆర్‌పీఎం తిరిగే ట్రిమ్ రౌటర్ పెట్టుకోండి. ఏది కొన్నా బడ్జెట్‌లో కొంత బిట్లకి, క్లాంపులకి, వ్యాక్యూమ్‌కి పక్కన పెట్టండి.

నా 3018 ఇప్పుడు బోర్డులకే అంకితం. అల్యూమినియం కోసం ఇంకో మెషిన్ వెతుకుతున్నాను. వంగడం తగ్గాలి కాబట్టి ఈసారి స్పెసిఫికేషన్లలో నేను మొదట చూసేది మెషిన్ బరువు. కిలోలు రాయని దాన్ని పక్కన పెట్టేస్తున్నాను.