ఆకలిని అర్థం చేయించిన క్లినిక్: ఇందిరానగర్, బెంగళూరు

ఇందిరానగర్‌లోని ఒక స్థూలకాయ చికిత్సా క్లినిక్‌కు 8 నెలలుగా వెళ్తున్న రోగిగా ఈ అభిప్రాయం రాస్తున్నాను. అంతకుముందు మారతహళ్ళి వైపు ఒక స్లిమ్మింగ్ సెంటర్‌లో 4 నెలల ప్యాకేజీ తీసుకుని 9 కిలోలు తగ్గాను. ఏడాది తిరిగేలోపు 11 కిలోలు పెరిగాను. నోరు కట్టుకోవడం నాకు చేతకాలేదని అక్కడివారు తేల్చేశారు. ఆ మాటనే నిజమని నమ్మి, విస్తరి ముందు కూర్చున్న ప్రతిసారీ ఏదో తప్పు చేస్తున్నట్టు కుంగిపోయాను.

ఈ క్లినిక్‌లో ఎండోక్రినాలజిస్టు (హార్మోన్ల వైద్యురాలు) నన్ను తూకం ఎక్కించక ముందే, బరువు తగ్గిన తరువాత ఆకలి ఎలా ఉండేదని అడిగారు. ఆ ప్రశ్న నన్ను అంతవరకు ఎవరూ అడగలేదు. కడుపునిండా తిని లేచిన గంటకే మనసు వంటింటి వైపు పోయేదని చెప్పగానే, ఆమె తెల్లకాగితం మీద బొమ్మ గీస్తూ సుమారు 40 నిమిషాలు వివరించారు. కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోనును విడుదల చేస్తాయి. రక్తంలో దాని మోతాదును బట్టి మెదడులోని హైపోథాలమస్ ఒంట్లో నిల్వ ఎంత ఉందో తెలుసుకుంటుంది. కొవ్వు తగ్గి లెప్టిన్ పడిపోయినప్పుడు మెదడు దానిని కరువు కింద లెక్కగట్టి, ఆకలిని పెంచి, శరీరం ఖర్చుచేసే శక్తిని తగ్గిస్తుంది. జీర్ణాశయం నుంచి వెలువడి ఆకలి పుట్టించే గ్రెలిన్ కూడా అప్పుడు పెరుగుతుంది. 10 వారాల కఠినమైన ఆహార నియమంతో బరువు తగ్గినవారిలో ఏడాది గడిచినా ఈ హార్మోన్లు పూర్వస్థితికి రాలేదని 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రకటించారట. నా 11 కిలోల కథ అంతా ఆ కాగితం మీద కనిపించి, నాకు కళ్ళు చెమర్చాయి.

అయితే ఆ లెప్టిన్‌నే సూదిమందుగా ఇవ్వవచ్చు కదా అని అడిగాను. 1994లో న్యూయార్క్‌లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ జన్యువును గుర్తించినప్పుడు చాలామంది అలాగే ఆశపడ్డారని, కాని స్థూలకాయుల్లో ఎక్కువమందికి లెప్టిన్ ముందే అధికంగా ఉంటుందని, మెదడు దానికి సరిగా స్పందించకపోవడమే సమస్య అని ఆమె చెప్పారు. పుట్టుకతోనే లెప్టిన్ లేని అరుదైన పిల్లలకు మాత్రం ఆ మందు ప్రాణం పోసినట్టే పనిచేస్తుంది.

బరువు తగ్గడానికి అందరూ అడిగే సెమాగ్లుటైడ్ అనే సూదిమందు గురించి కూడా ఇక్కడ తొందరపెట్టలేదు. భోజనం తరువాత పేగుల్లో పుట్టి ఆకలిని తగ్గించే జీఎల్‌పీ-1 అనే హార్మోను కొద్ది నిమిషాల్లోనే విచ్ఛిన్నమవుతుందని, దానిని పోలిన ఈ మందు రోజుల తరబడి నిలిచి మెదడులోని ఆకలి కేంద్రాల మీద పనిచేస్తుంది కనుక వారానికి ఒక సూది చాలునని చెప్పారు. వికారం, మలబద్ధకం రావచ్చనీ, మానేస్తే తగ్గిన బరువులో చాలా భాగం తిరిగి రావచ్చనీ దాచకుండా చెప్పారు. నిద్ర చాలకపోయినా గ్రెలిన్ పెరుగుతుంది కాబట్టి, ముందు నా రాత్రి షిఫ్టు మార్పించుకోమన్నారు. మందు లేకుండానే ఇప్పటికి 6 కిలోలు తగ్గాను. అంతకంటే ముఖ్యంగా, రాత్రి 11 గంటలకు మిక్చర్ డబ్బా వెతకడం మానేశాను.

లోపాలూ ఉన్నాయి. డైటీషియన్ ఇచ్చిన మొదటి పట్టికలో ఓట్స్, కీన్వా తప్ప మన వంట ఏదీ లేదు. రాగిసంగటి, పప్పు, గోంగూర తింటానని పట్టుబట్టి అడిగితేనే మార్చి రాసిచ్చారు. శనివారాల్లో అపాయింట్‌మెంట్ ఉన్నా గంటన్నర కూర్చోవలసి వస్తుంది. సంప్రదింపు రుసుము 1,200 రూపాయలు అందరికీ తేలిక కాదు. వెళ్ళేవారు వారం మధ్యలో వెళ్ళడం, పాత థైరాయిడ్, షుగర్ రిపోర్టులు వెంట తీసుకెళ్ళడం మంచిది. అవి ఉంటే అనవసరంగా మళ్ళీ పరీక్షలు రాయరు.